గిరి గీసిన గొడుగులు

ఆషాఢం. లష్కర్ బోనాలకు ఇంకా వారం ఉంది. ముందురాత్రి సికింద్రాబాద్ తిరుమలగిరి మీద ఉరుములు మెరుపులతో గంటసేపు వాన దంచికొట్టింది. తెల్లారి ఐదున్నరకు నేను రోజూ నడిచే మైదానంలోకి అడుగుపెట్టేసరికి పచ్చిక నడుమ గుండ్రంగా ఏదో తెల్లగా కనిపించింది. ఎవరో ముగ్గుపిండితో గిరి గీశారనుకున్నాను. దగ్గరికి పోతే పిండి కాదు, గొడుగులు. ముప్పై నాలుగు లెక్కపెట్టాను. కొన్ని ఇంకా విచ్చుకోలేదు, కోడిగుడ్లు నిలబెట్టినట్టున్నాయి. విచ్చుకున్నవి ఒక్కోటి టిఫిన్ ప్లేటంత. తెల్లటి నెత్తి మీద గోధుమరంగు పొలుసులు, నడినెత్తిన దట్టంగా, అంచులకు పోనుపోను పలచగా. ఆ వరుస వెంబడే జానెడు వెడల్పున గడ్డి ముదురాకుపచ్చగా, మిగతా మైదానమంతా ఈర్ష్యపడేంత ఏపుగా ఉంది. గిరి ఈ కొస నుంచి ఆ కొసకు నా నడకలో ఎనిమిది అడుగులు.

వంగి చేయి చాపబోతుంటే వెనక నుంచి కేక వినబడింది.

"ముట్టకుండ్రి అమ్మా! కుక్కగొడుగులవి."

అక్కడ ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మాలి. నీళ్ల పైపు భుజాన వేసుకుని వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "కుక్కలు పోసినకాడ మొలుస్తయి. రాత్రి ఉరిమింది గద, అందుకే లేశినయి. పుట్టగొడుగులు వేరు, ఇవి వేరు. ఇవి తినేటివి కావు."

నేను కళాశాలలో ముప్పై ఏళ్లు వృక్షశాస్త్రం చెప్పాను. ఆయన ఆ నాలుగు మాటల్లో చెప్పినదాన్ని విడమర్చడానికి నాకు ఈ అధ్యాయమంతా కావలసి వచ్చింది.

పచ్చికలో ఇలా గుండ్రంగా లేచే గొడుగులను ఇంగ్లండులో ఫెయిరీ రింగ్ అంటారు. రాత్రిపూట చిట్టి దేవతలు చేతులు పట్టుకుని చుట్టూ తిరుగుతూ ఆడతారనీ, వాళ్ల కాళ్ల కింద నలిగిన చోట ఈ వలయం పడుతుందనీ, అలసిపోతే కూర్చోవడానికి గొడుగులు పీటలవుతాయనీ అక్కడి పల్లెల నమ్మకం. షేక్‌స్పియర్ 'ది టెంపెస్ట్' నాటకంలో కూడా ఈ అర్ధరాత్రి గొడుగుల ప్రస్తావన ఉంది. పున్నమినాడు వలయం చుట్టూ తొమ్మిదిసార్లు పరుగెత్తితే నేల కింద వాళ్ల నవ్వులు వినబడతాయట. లోపల కాలు పెడితే మాత్రం తిరిగి రావడం కష్టం. జర్మన్లకు అదే మంత్రగత్తెల వలయం, ఏప్రిల్ 30 రాత్రి వాళ్లు ఆడిన చోటు. డచ్చివాళ్లకు దయ్యం తన పాలకవ్వం కుండను దించిన జాగా. ఆస్ట్రియాలోని టైరోల్ కొండల్లో నిప్పుల తోక గల డ్రాగన్ నేలను కాల్చిన మచ్చ. ఫ్రెంచి కథల్లో ఆ వలయానికి గుడ్లు మిటకరించే కప్పలు కాపలా.

వేల్స్‌లో చెప్పుకునే ఒక కథ నాకు అన్నిటికంటే దగ్గరగా తోస్తుంది. రీస్, లెవెలిన్ అనే ఇద్దరు స్నేహితులు సాయంత్రం గుర్రాలు తోలుకుని వస్తుంటారు. రీస్‌కు ఎక్కడినుంచో సంగీతం వినిపిస్తుంది. నువ్వు పద, నేనొక్క ఆట ఆడి వస్తానని వెళ్తాడు, ఇక రాడు. చాలాకాలం తర్వాత లెవెలిన్ వెతుక్కుంటూ వలయం దగ్గరికి పోయి చూస్తే రీస్ ఇంకా ఆడుతూనే ఉంటాడు. బయటికి లాగితే, ఇప్పుడే కదా వచ్చాను, గుర్రాలేవి అంటాడు. ఇది చదివినప్పుడు మనకు రైవతుడు గుర్తుకు రాక మానడు. కూతురు రేవతికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లి, అక్కడ పాట అయ్యేదాకా ఒక్క క్షణం ఆగినందుకు భూమ్మీద ఇరవై ఏడు మహాయుగాలు గడిచిపోయాయని భాగవతం నవమ స్కంధం చెబుతుంది. వినోదంలో మునిగిన మనిషికి పొద్దు తెలియదన్న అనుభవం వేల్స్ వాళ్లదీ మనదీ ఒకటే. వాళ్లు దాన్ని గొడుగుల గిరిలో పెట్టారు, మనం బ్రహ్మ సభలో పెట్టాం.

మనకు గిరి కొత్త కాదు. గిరి గీసి నిలబెట్టడం అన్న మాటలోనే దాని బలం ఉంది. అప్పు ఎగ్గొట్టినవాడి చుట్టూ అప్పిచ్చినవాడు నేలమీద గీత గీస్తే బాకీ తీర్చేదాకా వాడు దాటకూడదన్న ఆచారాన్ని 13వ శతాబ్దం చివర తమిళ తీరానికి వచ్చిన మార్కోపోలో రాసిపెట్టాడు. వాల్మీకంలో లేని లక్ష్మణరేఖ మన ఇళ్లలో సామెతంత మామూలు మాట. ఇప్పటికీ సికింద్రాబాద్ సందుల్లో, మూడు దారులు కలిసేచోట దిష్టి తీసి పడేసిన నిమ్మకాయ, పసుపు కుంకుమల ముగ్గు కనిపిస్తే బండివాడు కూడా చక్రం పక్కకు తిప్పుకుని పోతాడు. ఆడుకునే దేవతలూ మనకు కొరత కాదు. చెరువు గట్టున ఏడు రాళ్లు నిలిపి అక్కదేవతలని పసుపు పూసి కొలిచే ఊళ్లు ఎన్నో. మిట్టమధ్యాహ్నం ఒంటరిగా అటు పోవద్దని పిల్లలకు చెప్పేవాళ్లు. ఇన్నీ ఉండి, గొడుగుల వలయం చుట్టూ మాత్రం మన పల్లెల్లో ఇంగ్లండులోలాంటి కథల గుంపు పెరగలేదు. కారణం నా లెక్కలో దేవతలకు సంబంధించింది కాదు, గడ్డికి సంబంధించింది.

వలయం గుండ్రంగా కనిపించాలంటే నేల ఎడంలేకుండా ఒకే తీరుగా ఉండాలి. ఇంగ్లండులో వందల ఏళ్లుగా గొర్రెలు మేసిన పచ్చిక బయళ్లు అలాంటివి. దక్కనులో బండరాళ్లు, తుమ్మలు, నాగలి తిరిగే చేలు, ఎండాకాలం వస్తే గడ్డిపరక మిగలని ఎర్రనేల. శిలీంధ్రం ఇక్కడా పెరుగుతుంది గానీ వలయం పూర్తికాకముందే రాయో వేరో నాగలో అడ్డుతగిలి తునిగిపోతుంది. నిజాం సికందర్ జా పేరుమీద 1806లో సికింద్రాబాద్ కంటోన్మెంట్ ఏర్పడి, దండుతోపాటు పరేడ్ మైదానాలు, పోలో మైదానాలు, బంగళాల ముందు లాన్లు వచ్చాయి. కోసి, నీళ్లు పెట్టి, చదును చేసిన గడ్డి. లష్కర్ నేల మీద ఈ గిరికి పలక దొరికింది అప్పుడే.

ఆ మరుసటి ఏడే, 1807లో, లండన్‌లో విలియం హైడ్ వొలాస్టన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ వలయాల మీద ఒక వ్యాసం చదివాడు. పలేడియం, రోడియం లోహాలను కనిపెట్టినవాడు ఆయనే. అంతకుముందు చదువుకున్నవాళ్లు దేవతల కథను పక్కనపెట్టి పిడుగు వల్ల వలయం ఏర్పడుతుందని నమ్మేవారు. చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ కూడా పిడుగుపక్షమే. 1790ల మొదట్లో విలియం విదరింగ్ అనే వైద్యుడు నేల తవ్వి చూశాడు. వలయం అంచున మట్టిలో తెల్లటి బూజు పరుచుకుని ఉంది, దాటి బయట లేదు. ఇది గొడుగుల పనే అని రాశాడు. ఒక పల్లె ముసలమ్మ కషాయం వెంటబడి గుండెజబ్బుకు డిజిటాలిస్ మందును వైద్యానికి అందించినవాడు కూడా ఈ విదరింగే. ఊళ్లో మాటను చులకన చేయకుండా, అలాగని అక్కడే ఆగిపోకుండా చూడగల మనిషి.

వొలాస్టన్ ఇంకొక అడుగు వేశాడు. గొడుగులు ఒకసారి లేచిన చోట మట్టిలో వాటికి కావలసిన తిండి అయిపోతుంది, అందుకే మరుసటి ఏడు బయటి అంచున లేస్తాయి, చచ్చిన గొడుగుల ఎరువుతో గడ్డి పచ్చబడుతుంది అన్నాడు. దానికి ఆయన చూపిన ఆధారం నాకెంతో ఇష్టం. రెండు వలయాలు పెరుగుతూ పెరుగుతూ ఒకదాన్నొకటి తాకితే ఒకదాని మీదుగా ఇంకొకటి దాటిపోదు. తాకిన చోట రెండూ ఆరిపోతాయి, మిగిలింది ఎనిమిది అంకె బయటి గీతలా ఉంటుంది. అవతలివైపు నేలను అవతలి వలయం అప్పటికే తిని ఉంటుంది కాబట్టి.

ఇప్పుడు మనకు తెలిసిన కథ ఇంచుమించు ఇదే, ఇంకొంచెం లోతుగా. గాలిలో వచ్చిన సిద్ధబీజం ఒకటి అనువైన చోట పడుతుంది. చాలాసార్లు అది లాన్ వేయడానికి ముందు కొట్టేసిన చెట్టు మొద్దో వేరో నేలలో మిగిలిన చోటు. దాన్నుంచి వెంట్రుక కంటే సన్నని దారాలు నలుదిక్కులకూ ఒకే వేగంతో పాకుతాయి. అన్ని వైపులా సమానంగా పాకేది ఏదైనా గుండ్రంగానే ఉంటుంది, చెరువులో రాయి వేస్తే లేచే అల లాగ. నడుమ తిండి అయిపోయి పాత దారాలు చచ్చిపోతాయి. బతికినది అంచు మాత్రమే. మనం గొడుగు అని పిలిచేది ఆ జీవికి కాయలాంటిది. చెట్టంతా నేలలో ఉంటుంది, వాన తడి తగలగానే కాయ పైకి వస్తుంది. జాతిని, నేలను బట్టి అంచు ఏడాదికి పది నుంచి ముప్పై అయిదు సెంటీమీటర్ల దాకా జరగడం మామూలు. ఫ్రాన్స్‌లోని బెల్ఫోర్ దగ్గర అడ్డంగా 600 మీటర్లున్న వలయం ఒకటుంది. దాని వయసు 700 ఏళ్ల పైమాటని అంచనా. అంటే ఓరుగల్లును కాకతీయులు ఏలుతున్న నాటి సిద్ధబీజం ఇంకా నడుస్తూనే ఉంది.

గడ్డి అంత పచ్చగా ఎందుకుంటుంది? దారాలు మట్టిలోని కుళ్లును జీర్ణం చేసుకుంటూ నత్రజనిని అమ్మోనియాగా వదులుతాయి, అది నైట్రేటుగా మారి గడ్డి వేళ్లకు అందుతుంది. యూరియా చల్లిన మడి నల్లబడినట్టే. కొన్నిచోట్ల దారాలు మట్టిలో దట్టంగా అల్లుకుని నీటిని ఇంకనివ్వవు, అక్కడ గడ్డి మాడి బట్టతల పడుతుంది. టైరోల్ వాళ్లకు డ్రాగన్ తోక తట్టింది అందుకే. 2010లో జపాన్‌లోని షిజువోకా విశ్వవిద్యాలయంలో హిరోకాజు కవాగిషి బృందం వలయం కట్టే ఒక గొడుగు నుంచి గడ్డిని ఏపుగా పెంచే పదార్థాన్ని వేరు చేసింది. దానికి, దాని తోబుట్టువులకు ఫెయిరీ కెమికల్స్ అని పేరు నిలబడిపోయింది. తర్వాత చూస్తే అదే పదార్థాన్ని వరితో సహా ఎన్నో మొక్కలు సొంతంగా చేసుకుంటున్నాయని తేలింది. దేవతల పేరు మన అన్నంలోకి వచ్చేసింది.

ఇక మా మాలి మాటలు.

కుక్కగొడుగు అన్న పేరు చీదరింపుతో పెట్టిందని నేను చాలాకాలం అనుకున్నాను. హిందీలో దీన్ని కుకుర్‌ముత్తా అంటారు, కుక్క మూత్రం అని అర్థం. రెండు భాషల వాళ్లూ ఒకే జంతువు వైపు వేలు చూపడం వెనక ఒక చూపు ఉందేమోనని జపాన్ శాస్త్రవేత్త నవోహికో సగారా పని చదివాక అనిపించింది. ఆయన అడవి నేల మీద యూరియా చల్లి చూశాడు. కొద్ది రోజుల నుంచి కొన్ని నెలల్లోపు, అంతకుముందు కనిపించని గొడుగులు ఒక వరుసలో, ఒక జాతి తర్వాత ఇంకో జాతి, లేచాయి. 1975లో వాటికి అమ్మోనియా శిలీంధ్రాలని పేరు పెట్టాడు. జంతువు మూత్రం పోసినచోట, కళేబరం కుళ్లినచోట మొలిచే తెగ అది. నా ముందున్న వలయానికి ఈ తెగతో సంబంధం లేదు, కుక్కలు ఇంత పద్ధతిగా గుండ్రంగా తిరగవు. కానీ మూత్రం పోసినచోట గొడుగు లేవడం ఎవరో ఒకరు కళ్లారా చూసే ఉంటారు.

ఉరుము సంగతీ అలాంటిదే. ఉరిమితే గొడుగులు లేస్తాయన్న నమ్మకం మన పల్లెలదే కాదు, రెండువేల ఏళ్ల కింద గ్రీకు రచయిత ప్లూటార్క్ నేలలో పెరిగే ట్రఫుల్ గడ్డలు ఉరుముతో పుడతాయా అని భోజనాల ముచ్చట్లలో చర్చే నడిపాడు. అరబ్బులు ఎడారి నేలలో దొరికే ఒకరకం గడ్డను ఉరుము బిడ్డ అని పిలుస్తారు. మిరుగు కార్తెలో తొలి వాన ఉరుముతోనే వస్తుంది. అప్పుడే ఆరుద్ర పురుగు ఎర్రని మఖమల్ ముక్కలా నేలమీదికి వస్తుంది, అప్పుడే కప్పలు అరుస్తాయి, అప్పుడే గొడుగులు. చెవికి ముందు తగిలేది ఉరుము కాబట్టి పేరు దానికి పోయింది. అయితే పూర్తిగా కొట్టేయడానికీ లేదు. జపాన్‌లో ఇవాటే విశ్వవిద్యాలయం వాళ్లు గొడుగులు పెంచే దుంగల్లోకి క్షణంలో అతి చిన్న భాగంపాటు హై వోల్టేజి విద్యుత్తు పంపితే దిగుబడి పెరిగింది.

ఎక్కడ, ఎప్పుడు అన్నవి సరిగ్గా పట్టుకుని, ఎందుకు అన్నది తప్పడం ఎంత సహజమో సికింద్రాబాద్ వాళ్లకు వేరే చెప్పాలా? మలేరియా అన్న ఇటాలియన్ మాటకు చెడుగాలి అని అర్థం. చిత్తడి నేలల పక్కన, చీకటిపడ్డాక, వానాకాలంలో జ్వరం వస్తుందని తరతరాలవాళ్లు గమనించింది అక్షరాలా నిజం. గాలి అన్నది ఒక్కటే తప్పు. 1897 ఆగస్టు 20న బేగంపేటలో రోనాల్డ్ రాస్ తన సూక్ష్మదర్శిని కింద దోమ కడుపుగోడలో మలేరియా క్రిమి కణాలు చూసినప్పుడు ఆ పాత గమనిక కొట్టుకుపోలేదు. చిత్తడి, చీకటి, వాన అన్నీ దోమ చుట్టూ చేరి కొత్త అర్థం తెచ్చుకున్నాయి. హుసేన్ ఖాన్ అనే రోగి ఒక్కో దోమకాటుకు ఒక అణా చొప్పున తీసుకుని దోమలతో కుట్టించుకోకపోతే అదీ ఆ రోజుకు తేలేది కాదు. మైదానం నుంచి రాస్ పనిచేసిన భవనం ఎంతో దూరం లేదు. అటు వెళ్లినప్పుడల్లా నాకు ఈ గిరి గుర్తొస్తుంది.

మాలి "పుట్టగొడుగులు వేరు" అన్నాడు కదా. ఆ ఒక్క మాటలో ఆయన శాస్త్రజ్ఞుడు చేసే విభజనే చేశాడు. మన నమ్మకాల్లో వలయానికి దక్కని చోటంతా పుట్టకు దక్కింది. పుట్ట నాగేంద్రుడి ఇల్లు. నాగులచవితికి, పంచమికి దానికి పాలు పోస్తాం, పసుపు కుంకుమలు పెడతాం, తవ్వం. ఆ తవ్వకపోవడం వల్ల లోపల నడిచే వ్యవసాయం చెక్కుచెదరకుండా ఉంటుంది. పుట్ట కట్టేది పాము కాదు, చెదలు. కూలి చెదలు ఎండుటాకులు, పుల్లలు నమిలి మింగి, లోపలి గదుల్లో మెదడు మడతల్లాంటి తుట్టెలు కడతాయి. వాటిమీద ఒక శిలీంధ్రాన్ని పెంచుకుని తింటాయి. చెదలు అరిగించుకోలేని కర్రను శిలీంధ్రం మెత్తబరుస్తుంది, శిలీంధ్రానికి చల్లని చీకటి ఇల్లు దొరుకుతుంది. ఈ పొత్తు వయసు సుమారు మూడు కోట్ల ఏళ్లు. వానలు పడ్డాక ఆ తుట్టె నుంచి పొడవాటి వేరులాంటి కాడ మట్టిని చీల్చుకుని వచ్చి గొడుగు విప్పుతుంది. అదే మన పుట్టగొడుగు. అది కోసేవాళ్లు కాడను పెరకరు, వేళ్లతో మట్టి తోసి నెమ్మదిగా లోపలినుంచి లాగుతారు. మూరెడు కాడ వచ్చిన రోజు కూరలో మాంసం లేకపోయినా లోటు తెలియదు. మనుషులు ఎన్ని ప్రయోగాలు చేసినా షెడ్డుల్లో పండించడం కుదరలేదు, చెద పురుగు లేకుండా అది పెరగదు. ఏ పుట్ట మీద ఏ వారంలో లేస్తుందో ఊళ్లో పశువులు కాసేవాళ్లకు తెలుసు, పక్కవాడికి చెప్పరు.

పుట్టకూ వలయానికీ చుట్టరికం లేదనుకునేదాన్ని. ఆస్ట్రేలియా పడమటి ఎడారుల్లో గడ్డి నడుమ గుండ్రంగా బోసిగా కనిపించే మచ్చలున్నాయి. కొందరు శాస్త్రజ్ఞులు అవి నీటికోసం గడ్డి పోటీపడటం వల్ల ఏర్పడ్డాయన్నారు. అక్కడి ఆదివాసులైన మార్తు జనం వాటిని ఎప్పటినుంచో చెదల గచ్చు అంటారు. వాన పడితే ఆ గట్టినేల మీద నీరు నిలుస్తుంది, తాగుతారు. గింజలు దంచుకోవడానికీ అదే కళ్లం. 2023లో వాళ్లతో కలిసి తవ్విన శాస్త్రజ్ఞులకు అడుగున చెదల గదులే కనబడ్డాయి. నమీబియాలో ఇలాంటి మచ్చల మీద వాదం ఇంకా సాగుతోంది.

తినకూడదు అన్న మాటను పరీక్షించడానికి ఒక గొడుగును ఇంటికి తెచ్చాను. కాడ తీసేసి, మొప్పలున్న వైపు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి, పైన గిన్నె బోర్లించాను. మర్నాడు పొద్దున గిన్నె ఎత్తితే కాగితం మీద చక్రం ఆకుల్లా గీతలు గీతలుగా సిద్ధబీజాల ముద్ర పడి ఉంది. తెల్లగా లేదు, గోధుమరంగు కాదు. పాచి పట్టిన రాయిలా మసక ఆకుపచ్చ. గొడుగుల్లో ఆకుపచ్చ ముద్ర చాలా అరుదు, పచ్చికలో వలయం కట్టే ఈ పెద్ద పొలుసుల గొడుగుకు అదే ఆనవాలు. క్లోరోఫిల్లమ్ మోలిబ్డైటిస్ దీని పేరు. చూడ్డానికి కూరకు పనికొచ్చేలా, వాసన కూడా బాగానే ఉంటుంది. తిన్న ఒకటి నుంచి మూడు గంటల్లో ఆగని వాంతులు, విరేచనాలు. పిల్లలకు, పెద్దవయసువాళ్లకు ప్రాణం మీదికి వస్తుంది. వెండి చెంచా వేసి ఉడికిస్తే నల్లబడితేనే విషమని, పసుపు వేస్తే తెలుస్తుందని కొందరంటారు. ఆ పరీక్షలను నమ్మి వండినవాళ్లు ఆసుపత్రుల్లో తేలారు. దయచేసి వాటిని నమ్మకండి. మాలి మాట నమ్మండి.

ఆ కాగితాన్ని తీసుకెళ్లి ఆయనకు చూపించాను. వేలితో రాసి, వేలిని ప్యాంటుకు తుడుచుకుని, "గడ్డి తిన్నది గద, పచ్చగ గక్కింది" అన్నాడు. తర్వాత ఇద్దరం కలిసి గొడుగుల వరుస మీద, కంపౌండ్ గోడ వైపు, ఒక ఇనుప మేకు పాతాం. గడ్డికోత మిషన్‌కు తగలకుండా తల నేలలోకి దిగగొట్టి, గుర్తుకు గోడమీద సున్నం గీత పెట్టాం.

మళ్లీ ఆషాఢం వచ్చింది. వాన పడ్డ మూడో రోజు ఆయనే ఫోన్ చేశాడు. పోయి చూస్తే మేకు గిరి లోపలికి వచ్చి ఉంది. గొడుగులు దాన్ని దాటి గోడ వైపు జరిగి నిలబడ్డాయి. ఆయన మోకాళ్ల మీద కూర్చుని మేకు నుంచి గొడుగు కాడ దాకా చేత్తో కొలిచాడు. జానెడు, పైన రెండు వేళ్లు. లేచి, అక్కడినుంచి గోడ దాకా అడుగులు వేసుకుంటూ పోయి, వెనక్కి తిరిగి లెక్క కట్టాడు.

"నేను రిటైరయ్యేటాళ్లకు గోడ కాడికి వస్తది అమ్మా" అన్నాడు. "అవుతల పోనియ్యకుంట గోడ ఆపుతదా, కింద కెళ్లి పోతదా?"